బళ్ళారి నాటకం, బడిలో చరిత్ర పాఠం

మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నేనూ అట్లనే చదువుకున్నా. 1565 యుద్ధం మా పుస్తకంలో రక్కసతంగడి, ఇంట్లో పెద్దల నోట తళ్ళికోట. పేర్లు రెండున్నా పరీక్షకు కావలసింది ఒక సంవత్సరం, ఒక ఓటమి, అంతే. ఆ కథనే వందేళ్ళకు ముందే బళ్ళారిలో మన తెలుగువాళ్ళు రంగం మీదికి తెచ్చారు.

అప్పుడు బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1953లోనే అది మైసూరు రాష్ట్రంలో కలిసింది. అక్కడ ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభ నడిపితే, కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభ నడిపారు. ఇద్దరూ వకీళ్ళే. కోలాచలంవారు చరిత్ర నాటకాలకు పెట్టింది పేరు. ఆయన 'రామరాజు చరిత్ర'లో బళ్ళారి రాఘవ పఠాన్ రుస్తుం వేషం కట్టేవారు. హిందూ ముస్లింల మధ్య గొడవలు వస్తాయని బ్రిటిష్ సర్కారు ఆ నాటకాన్ని నిషేధించింది. చరిత్ర వేషం కట్టి మాట్లాడితే ఎంత బలముంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ బలాన్ని పాఠాలకు వాడుకోవడం తర్వాత వచ్చిన పని. 1965లో ఇంగ్లండులోని కోవెంట్రీలో బెల్‌గ్రేడ్ థియేటర్ నటులు బళ్ళకు వెళ్ళి పిల్లలతో కలిసి పాఠాలు ఆడడం మొదలుపెట్టారు. మన దేశంలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1989లో ఇందుకోసమే ఒక బృందాన్ని పెట్టింది. కన్నడ రంగస్థలం పెద్ద బి.వి. కారంత్ కూడా ఢిల్లీలో ఒక బడిలో పిల్లలకు నాటకం నేర్పినవారే. మైసూరు రంగాయణ వేసవిలో నడిపే చిణ్ణర మేళ మనలో చాలామందికి తెలిసిందే.

ఇది స్కూల్ డే నాటకం లాంటిది కాదు. అందులో నలుగురు ఆడితే నలభైమంది చూస్తారు. ఇందులో చూసేవాళ్ళుండరు, క్లాసంతా వేషంలోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్తా. అన్న జంషీద్‌కు భయపడి ఇబ్రహీం కుతుబ్ షా ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. అన్నం పెట్టి కాపాడింది అళియ రామరాయలు. 1550లో ఇబ్రహీం గోల్కొండకు సుల్తానయ్యాడు. 1565లో తక్కిన సుల్తానులతో కలిసి ఆ రామరాయల మీదికే వచ్చాడు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు.

ఇబ్రహీం వేషంలో ఉన్న పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, "ఉప్పు తిన్న ఇంటిమీద కత్తి ఎందుకెత్తావు?" అని మిగతావాళ్ళను అడగమనండి. జవాబు చెప్పాలంటే ఆ పిల్ల పాఠం నాలుగుసార్లు చదవాల్సిందే. కృష్ణ దాటే రేవు ఎక్కడుందంటే భూగోళం, ఇంత సైన్యానికి రోజుకు ఎన్ని మూటల బియ్యమంటే లెక్కలు, దర్బారులో మాట్లాడాలంటే భాష. ఇది ఊరికే రెండు మతాల కొట్లాట అనుకునే పిల్లకు, అట్ల కాదని తన నోటితోనే తెలిసొస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. నాటకం అబద్ధాన్ని కూడా అంతే గట్టిగా నేర్పుతుంది. ఏడిపించిన డైలాగు నిజంకంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇట్ల జరగాలని రాసుకున్నదీ, నిజంగా జరిగిందీ పక్కపక్కన పెట్టి చూడడమే నా పని. పాఠానికీ అదే చెయ్యాలి. వేషాలు తీసేశాక, మనం ఆడినదాంట్లో ఏది చరిత్ర, ఏది మన కల్పన అని పలకమీద రెండు వరుసలు రాయించాలి. ఆ పని మానేస్తే పాఠం సగంలోనే ఆగిపోయినట్టు.

మన పిల్లలకు తెలుగు పుస్తకాలు బడిలో దొరకవు. సంక్రాంతి సెలవుల్లో నాలుగు ఇళ్ళ పిల్లలు కూడినప్పుడు ఈ దర్బారు పెట్టించి చూడండి. రామరాయలు కన్నడంలో మాట్లాడినా ఫరవాలేదు, మల్కిభరాముడు మాత్రం తెలుగులో జవాబివ్వాలి.