కూడలిలో కాచుకునే కాలం – పెనుకొండ దారుల లెక్క

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమన్నారు. పెనుకొండ చరిత్ర అనగానే కోట, రాయలు గుర్తుకొస్తారు. నేను రోడ్లు, భవనాల శాఖలో ట్రాఫిక్ లెక్కింపు పనులు చూసినవాణ్ణి కనుక దారుల చరిత్ర చెబుతాను.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. కోట ద్వారాల్లో ఎర్రమంచి ద్వారం ఒకటి. ఎన్ని బండ్లు వచ్చినా ద్వారం పట్టినన్నే లోపలికి పోతాయి, మిగతావి కాచుకోవాలి. నేటి కూడళ్ళ లెక్కకు మూలం ఇదే.

మా రోజుల్లో లెక్కింపు వారం రోజులు, రాత్రింబవళ్ళు సాగేది. బండికొక గీత, ఐదోది అడ్డగీత. తరువాత అన్నింటినీ కార్ల కిందికి మార్చేవాళ్ళం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 ప్రమాణం ప్రకారం లారీ గానీ బస్సు గానీ మూడు కార్లు, సైకిలు అర కారు, పెద్ద ఎద్దులబండి ఎనిమిది కార్లు! విలువ రోడ్డు మీద అది ఆపే జాగాను బట్టి కట్టినది.

ఏ దారిన ఎందరు పోతారన్నది రెండో ప్రశ్న. పెనుకొండ నుంచి బెంగుళూరుకు సోమందేపల్లి, కొడికొండ, చిక్కబళ్ళాపురం మీదుగా ఒక దారి. హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా ఇంకొకటి. ఇంగ్లండు రోడ్డు పరిశోధనశాలలో పనిచేసిన వార్‌డ్రాప్ 1952లో దీనికి సూత్రం చెప్పారు. ఒక దారిలో ఆలస్యమైతే జనం రెండోదానికి మళ్ళుతారు. జనం వాడే దారులన్నింటికీ ఒకే సమయం పట్టేదాకా ఈ మళ్ళింపు ఆగదు. అంటే దారిని నిర్ణయించేది మైళ్ళు కాదు, నిమిషాలు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. రోడ్డు ఒక్క గజం వెడల్పు చేయకుండానే లారీల కాలం ఆదా అయింది.

అదే పరిశోధనశాలకు చెందిన వెబ్‌స్టర్ 1958లో సిగ్నళ్ళ దగ్గర ఆలస్యాన్ని సూత్రీకరించారు. నూటికి ఎనభై పాళ్ళు నిండిన కూడలికి మరో పది పాళ్ళు చేరితే ఆలస్యం కొంచెం పెరిగి ఊరుకోదు, సుమారు రెట్టింపు కావచ్చు. 1968లో జర్మన్ గణితవేత్త బ్రాయెస్ ఇంకో వింత చూపారు: కొత్త రోడ్డు వేస్తే ఒక్కోసారి అందరి ప్రయాణమూ ఆలస్యమవుతుంది. ఎవరికి వారు దగ్గరదారి అనుకుని ఒకేచోటికి చేరడమే కారణం.

మన ఏడో నంబరు జాతీయ రహదారి 2010లో నలభై నాలుగో నంబరైంది. ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారంలో 2019లో కార్ల తయారీ మొదలైంది. ఒకనాడు ఎద్దులబండ్లు కాచుకున్న ఎర్రమంచి పేరు ఇప్పుడు కార్లకు గుర్తుగా మారింది.

ఇన్నేళ్ళ లెక్కలో నాకు కనిపించిన లోటు ఒకటుంది. బండ్ల పట్టికలో ఎద్దులబండికి గడి ఉంది, నడిచే మనిషికి లేదు. సిగ్నల్ లెక్కల్లో పాదచారి వేగాన్ని చాలాకాలం సెకనుకు 1.2 మీటర్లుగా పట్టారు. ఆ లెక్కన 14 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే మనబోటి వాళ్ళకు 17 సెకన్లు దాటుతుంది. ఆ తేడా ఐదారు సెకన్లే. కానీ పచ్చదీపం ఆరిపోయాక నడిరోడ్డులో చిక్కుకునేది ఆ ఐదారు సెకన్లలోనే.

రోడ్డు వెడల్పు ప్రతిపాదన వచ్చినప్పుడు మన సంఘం అడగవలసినవి రెండే: దాటే మనుషులనూ లెక్కించండి, పెద్దల నడకకు సరిపడా సమయం ఇవ్వండి. ఇవి దయతో ఇచ్చే రాయితీలు కావు, లెక్క సరిగా కట్టమనడమే.