నేరం ఐదో సెకనుది కాదు

2009 మొదట్లో ఉబుంటు లినక్స్ 9.04 ఇంకా పరీక్ష దశలో ఉంది. దాన్ని కొత్తగా వచ్చిన ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం మీద నడిపిన కొందరికి వింత నష్టం జరిగింది. మెషిన్ హ్యాంగైతే పవర్ తీసి మళ్ళీ ఆన్ చేశారు. కేడీఈ డెస్క్‌టాప్ సెట్టింగుల ఫైళ్ళు పేర్లతో సహా అక్కడే ఉన్నాయి, సైజు మాత్రం సున్నా. కొత్త సెట్టింగులు పోతే సరే, పాతవి ఏమైనట్టు?

అందరి వేలూ మొదట కమిట్ వ్యవధి వైపే లేచింది. జర్నల్, అంటే ఫైల్ సిస్టం మార్పుల చిట్టా, ఎన్ని సెకన్లకోసారి డిస్కుకు రాస్తుందన్నదే ఆ లెక్క. కానీ పాత ఈఎక్స్‌టీ3కీ, కొత్తదానికీ అది 5 సెకన్లే. సెట్టింగులు రాసే అవే ప్రోగ్రాములు ఈఎక్స్‌టీ3 మీద ఏళ్ళ తరబడి ఇలా దెబ్బతినకుండా నడిచాయి. అంటే మారింది మరేదో.

అలాంటి ప్రోగ్రాము ఏం చేస్తోందో చూద్దాం. పాత ఫైల్ని తెరుస్తూనే ఖాళీ చేస్తుంది, కొత్త వివరాలు రాస్తుంది, మూసేస్తుంది. ఈఎక్స్‌టీ3 అయితే రాసిన మరుక్షణమే డిస్కు మీద బ్లాకులు కేటాయిస్తుంది. ఆ కేటాయింపు జర్నల్‌కెక్కే ముందే డేటా డిస్కు చేరాలన్నది దాని డిఫాల్ట్ నియమం. అందుకే 5 సెకన్లలో డేటా కూడా భద్రం. ఎవరూ ఇవ్వని ఆ హామీకి అందరూ అలవాటుపడ్డారు.

ఈఎక్స్‌టీ4 కేటాయింపును వాయిదా వేస్తుంది. డేటా కాస్త పోగయ్యాక పక్కపక్కనే చోటు చూసుకోవచ్చని. బ్లాకే లేనప్పుడు జర్నల్ దేనికోసం ఆగాలి? 'ఫైల్ ఖాళీ అయింది' అన్న మాట 5 సెకన్లకే డిస్కెక్కింది. డేటా మాత్రం కెర్నెల్ మామూలు గడువు ప్రకారం 30 సెకన్ల దాకా మెమరీలోనే కూర్చుంది. పాత ఇల్లు కూల్చినట్టు రిజిస్టర్లో రాసేశారు, కొత్తింటికి ఇంకా స్థలమే చూడలేదు. కమిట్ వ్యవధిని 1 సెకనుకు తగ్గించి ఉంటే? ఖాళీతనం ఇంకా ముందే డిస్కు చేరేది, అంతే.

మరి డేటాను వెంటనే దించమని ఎఫ్‌సింక్‌తో అడగొచ్చుగా? అడగకపోవడానికీ ఓ కారణం దొరుకుతుంది. ఈఎక్స్‌టీ3లో ఒక్క ఫైల్‌కి ఎఫ్‌సింక్ అంటే పెండింగులో ఉన్న మిగతా డేటా కూడా కదలాల్సిందే. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 పరీక్ష వెర్షన్లు ఆ పిలుపుతో డెస్క్‌టాప్‌ని బిగుసుకుపోయేలా చేశాయి. ఆ అనుభవం తర్వాత దాని జోలికి వెళ్ళని ప్రోగ్రామర్లను తప్పుపట్టలేం.

ఈఎక్స్‌టీ4 నిర్వాహకుడు థియోడర్ సో ఎఫ్‌సింక్ పిలవాల్సింది ప్రోగ్రాములేనన్నాడు. రూలు ప్రకారం న్యాయమే. అయినా 2.6.30 కెర్నెల్‌కి తనే మందు కూడా ఇచ్చాడు: ఖాళీ చేసి రాసిన ఫైల్ని మూసినప్పుడు, విడిగా రాసిన కొత్త ఫైల్ని పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టినప్పుడు బ్లాకుల్ని అప్పటికప్పుడే కేటాయించడం. పేరు మార్చే పద్ధతికి దీంతో రక్షణ దొరికింది. ఖాళీ చేసి రాసే పద్ధతిలో మాత్రం, ఫైల్ మూసేలోపు కరెంటు పోతే సున్నా బైట్లు ఇప్పటికీ రావచ్చు.