గృహహింస బాధితులకు స్వచ్ఛంద సంస్థల అండ

నిజామాబాద్: గృహహింసకు గురైన మహిళ రక్షణ కోరేందుకు ముందుగా పోలీస్ స్టేషన్‌కే వెళ్లవలసిన అవసరం లేదు. 2006 అక్టోబర్ 26 నుంచి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టంలోని 10వ సెక్షన్ ఈ వెసులుబాటు కల్పించింది. సేవాప్రదాతగా నమోదైన స్వచ్ఛంద సంస్థ బాధితురాలి కోరికపై సంఘటన నివేదికను నమోదు చేసి మేజిస్ట్రేటుకు, రక్షణాధికారికి పంపవచ్చును. వైద్యపరీక్ష జరిపించి, వసతిగృహంలో ఆశ్రయం కల్పించవచ్చును. సద్భావంతో చేసిన ఈ పనికి సంస్థపై కేసు పెట్టరాదు. దరఖాస్తుపై తొలి విచారణ సాధారణంగా 3 రోజులలోగా చేపట్టి, అప్పటి నుంచి 60 రోజులలోగా పరిష్కరించుటకు మేజిస్ట్రేటు ప్రయత్నించవలెను.

జిల్లా కేంద్రానికి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలోని బోధన్ ప్రాంతానికి ఈ నిబంధన ముఖ్యమైనది. 2015 డిసెంబరులో నిజాం చక్కెర కర్మాగారం మూతపడి కార్మిక కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. గల్ఫ్ వలసల వలన ఒంటరిగా ఇల్లు నెట్టుకొచ్చే మహిళలూ ఇక్కడ ఉన్నారు. ప్రయాణ ఖర్చు, పరువు భయం వీరిని గడప దాటనీయవు.

నిజామాబాద్ సఖి కేంద్రంలో కౌన్సెలింగ్, న్యాయసలహా, గరిష్ఠంగా 5 రోజుల తాత్కాలిక వసతి ఉచితంగా లభించును. మహిళా సహాయవాణి 181. మానసిక వేదనకు 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. హైదరాబాద్ కేంద్రంగా రోష్నీ 1997 నుంచి, భూమిక హెల్ప్‌లైన్ 2006 నుంచి సేవలందిస్తున్నాయి.