చిల్లంగి మాట

కొల్లేటి లంకలలో చిల్లంగి యను మాట వినని పెద్దలుండరు. మెదకు సీమలో దీనినే బాణామతి యందురు. బిడ్డకు జ్వరము తగిలినను, పాడిగేదె పాలీయకున్నను "ఎవరో చేసినారు" అనుటయు, ఆ "ఎవరో" నెల తిరుగకముందే పేరుగల మనిషి యగుటయు మీరెరుగుదురు. ఆ మనిషి తరచుగా దిక్కులేని ముసలిది. ఇట్టి భ్రమలు మన దేశమునకే చెల్లునని పలుకువారు కలరు. దొరల దేశపు చరిత్ర చూచిన ఆ మాట నిలువదు.

1611లో గ్లోబు అను ఆంగ్లేయుల యోడ మచిలీపట్టణము చేరినది. అచట వారి కోఠీ వెలసినది. మరుసటి యేడు మార్చిలో వారి స్వదేశమున, లాంకషైరు సీమలో, పెండిల్ కొండ దాపున, అలిజన్ డివైస్ అను బీదపిల్ల త్రోవను పోవు మూటవర్తకుని గుండుసూదులడిగినది. అతడీయలేదు. కొంత దూరము పోవునంతలో కాలుసేయి పడి కూలినాడు. నేటి వైద్యుడు దానిని పక్షవాతమనును, నాటివారు శాపమనిరి. వింత యేమనగా, ఆ పిల్లయు తన నోటిమాటకంత బలము కలదని నమ్మి నేరమొప్పుకొనినది! విచారణ ఇరుగుపొరుగుల నెల్ల చుట్టుకొనినది. ఆమె చెల్లెలు జెన్నెట్, సుమారు తొమ్మిదేండ్ల పసిది, న్యాయస్థానమున బల్లపై నిలిచి కన్నతల్లిమీద సాక్ష్యము చెప్పినది. 1612 ఆగష్టు 20వ తేదీన పదిమందిని ఉరితీసిరి. ఇది మూకల పని కాదు. 1604 నాటి శాసనము ప్రకారము జరిగిన న్యాయము. ఆ శాసనము 1736లో గాని రద్దు కాలేదు.

మన ధర్మశాస్త్రములును అభిచారము నెరుగును. మనువు తొమ్మిదవ యధ్యాయమున దానికి విధించినది రెండువందల పణముల దండుగ. అందులకు మనము గర్వింప పనిలేదు. శాస్త్రము పణములడిగిన చోట ఊరు పండ్లడిగినది. మంత్రము స్పష్టముగ పలుకరాకుండుటకై అనుమానితుల ముందుపండ్లు ఊడగొట్టిన దారుణములు తెలుగునాట జరిగినవి. 1983 ప్రాంతమున మెదకు సీమలో బాణామతి భయము ప్రబలగా, వైద్యులును విజయవాడ నాస్తిక కేంద్రమువారును గ్రామములకేగి విచారింపవలసి వచ్చినది.

కీత్ థామస్ అను వేల్సు దేశపు చరిత్రకారుడు 1971లో ప్రకటించిన గ్రంథమున ఒక సూక్ష్మము చూపినాడు. నిందించువాడు తరచుగా, వాకిటికి వచ్చిన బీదరాలికి లేదని పంపివేసినవాడే. ఇంటికి కీడు మూడినప్పుడు అతని మనస్సే అతనిని పొడుచును. ఆ పోటును ఆమె శాపమని తలచును. ఇది చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు.

ఏలన, నా బాల్యమున మా లంకలో ఒక వితంతువు ప్రతి యుదయము చల్లకై మా వాకిటికి వచ్చెడిది. ఒకనాడు చుట్టములుండుటచే మా నాయనమ్మ ఆమెను వట్టి చెంబుతో పంపినది. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేరు నిండిన కాలమది, దోమలకు లెక్కలేదు. ఆ రాత్రియే తమ్మునికి చలిజ్వరము తగిలినది. దోమలో ఈ జ్వరబీజమును రోనాల్డు రాసు దొర మన సికింద్రాబాదులోనే, 1897 ఆగష్టు 20వ తేదీన కనుగొనెను. పెండిల్ వారిని ఉరితీసిన తేదీయు అదియే, కాకతాళీయమే యనుకొనుడు. కాని మా యింట రాసు పేరెవరెరుగుదురు? "అది చూచి పోయినది" అనినది నాయనమ్మ. మరునాటినుండి ఊరిలో ఏ యింటను ఆమెకు చల్ల పోయలేదు. నేనును ఆమె గుడిసె తప్పించి గట్టువెంట చుట్టు తిరిగి బడికి పోతిని.

2020 డిసెంబరులో ఏలూరున ఐదువందలకు మించి జనము ఉన్నట్లుండి మూర్ఛలతో పడినప్పుడు ఢిల్లీనుండి, హైదరాబాదునుండి నిపుణులు వచ్చి, రక్తమును నీటిని పాలను కూరగాయలను పరీక్షించిరి. సీసము, నికెలు, పురుగుమందుల జాడలు కనబడినవి. ఆ వార్తలు వినుచుండ నాకు ఆ ముసలమ్మయే కన్నులగట్టినది.

వైద్యుడిచ్చిన మాత్రలతో తమ్ముడు పదిదినములలో లేచి తిరిగినాడు. ఆమె మాత్రము ఆ వానకాలము వెళ్లకముందే ఊరు విడిచినది. ఎటు పోయినదో ఎవరును అడుగలేదు. మా నాయనమ్మ చల్ల చిలికిన ప్రతిదినమును ఒక చెంబెడు వేరుగా తీసి వాకిట నుంచి, సాయంకాలము దానిని గేదె కుడితిలో పోసెడిది.