కరాచీ నుంచి బొంబాయికి ఎంత దూరం?

ఇంట్లో పిల్లల అట్లాసు ఉంటే ఒకసారి తెరవండి. కరాచీ నుంచి బొంబాయికి ఒక దారప్పోగు లాగి చూడండి. ఆకాశమార్గాన 900 కిలోమీటర్ల లోపే. మద్రాసు నుంచి బొంబాయి ఇంతకన్నా దూరం.

1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండను నుంచి కరాచీ దాకా విమానంలో తపాలా తేవడం మొదలుపెట్టారు. సముద్రాలు దాటి ఎగిరివచ్చిన ఉత్తరం, మన దక్షిణాదికి రావాలంటే మాత్రం మళ్లీ రైలెక్కాల్సిందే! పరదేశంలో కొడుకునో భర్తనో ఉంచుకుని వీధి గుమ్మంలో పోస్టుమాన్ కోసం చూసే ఆడవాళ్లకి ఆ నాలుగు రోజుల తేడా ఎంతో, మీకు నేను చెప్పాలా?

ఆ ఖాళీ పూరించినవారు జె.ఆర్.డి. టాటా. 1932 అక్టోబరు 15న, పొద్దున్నే, పుస్ మాత్ అనే ఒంటి ఇంజను బుల్లి విమానంలో ఉత్తరాల సంచులు వేసుకుని కరాచీలో బయలుదేరారు. పక్కన తోడు పైలట్ లేడు, దారి చెప్పే రేడియో లేదు. నడుమ అహ్మదాబాదులో పెట్రోలు పోసుకోవాలి. ఆ పెట్రోలు డబ్బాలు వచ్చింది దేనిమీదనుకున్నారు? ఎడ్లబండి మీద! మధ్యాహ్నం రెండు కాకుండానే జుహూలో దిగారు. అంటే సుమారు ఏడు గంటల ప్రయాణం. అక్కణ్ణుంచి ఆయన స్నేహితుడు నెవిల్ విన్‌సెంట్ ఆ తపాలాని దత్తమండలాల బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. జుహూ అప్పుడు సముద్రపొడ్డు మట్టినేల. వానాకాలం నీళ్లు నిలిచేవి, అందుకని ఆ నెలల్లో విమానాలు పూనా నుంచి నడిపేవారట.

సరిగ్గా 50 ఏళ్లకి, 1982లో, ఆయన అదే తేదీన అదే దారిలో మళ్లీ ఎగిరారు. అప్పటికి 78 ఏళ్లు. ఆ వయసులో మనవాళ్లని వీధి చివరి గుడికి ఒంటరిగా పంపడానికే భయపడతాం.

ఇప్పటి జెట్ విమానానికి ఆ దూరం గంటన్నర పని. కాని ఎక్కడానికి విమానమేదీ? రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానాలు నడవడం లేదు. 2025 ఏప్రిల్‌లో రెండు దేశాలూ ఒకరి విమానాలకి ఒకరు ఆకాశమే మూసేసుకున్నాయి. వెళ్లితీరాల్సినవారు బొంబాయి నుంచి దుబాయికి 1,900 కిలోమీటర్ల పైన పోయి, అక్కడ పడిగాపులు పడి, మళ్లీ 1,200 వెనక్కి రావాలి. 1932 నాటి ఏడు గంటల్లో ఆ ప్రయాణం పూర్తవడం కష్టమే.

2021 అక్టోబరు 15న ఆరోహీ పండిత్ అనే అమ్మాయి టాటా ప్రయాణాన్ని తిరిగి చేయబూనింది. కరాచీ నుంచి కాదు, కచ్‌లోని భుజ్ నుంచి. ఆ భుజ్ రన్‌వే మీద 1971 డిసెంబరు యుద్ధంలో బాంబులు పడితే, పక్కనున్న మాధాపర్ ఊరి ఆడవాళ్లు దాదాపు 300 మంది 72 గంటల్లో బాగుచేశారు. పైనుంచి శత్రువుకి కనబడకుండా, మనం వాకిలి అలికినట్టే, పేడతో అలికారు. ఆ రన్‌వే మీదనుంచే ఈ పిల్ల లేచి, ఒంటరిగా జుహూలో దిగింది.