పాతబస్తీలో నేర బాధితులకు ప్రభుత్వ పరిహారం

హత్య, బాంబు పేలుడు, అత్యాచారం, యాసిడ్ దాడి వంటి హింసాత్మక నేరాల్లో చనిపోయినవారి కుటుంబాలకు, గాయపడినవారికి ప్రభుత్వ ఖజానా నుంచి చెల్లించే సొమ్ము నేర బాధితుల పరిహారం. హైదరాబాద్ పాతబస్తీలో ఇది రెండు దారుల్లో సాగింది. పెద్ద ఘటన జరిగినప్పుడు ముఖ్యమంత్రి ప్రకటించే ఎక్స్‌గ్రేషియా ఒకటి. చట్టం ప్రకారం న్యాయ సేవాధికార సంస్థ మంజూరు చేసే పరిహారం రెండోది.

పూర్వరంగం

కుతుబ్‌షాహీల నాటినుంచీ నగరంలో తెలిసిన ఇస్లామీయ న్యాయశాస్త్రంలో హతుడి వారసులకు చెల్లించే 'దియత్' ఉంది కాని, అది నేరస్థుడి పక్షం ఇచ్చుకోవలసినదే తప్ప సర్కారు సొమ్ము కాదు. భారత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1951లో హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించింది. 1973 నాటి కొత్త కోడ్‌లోని 357వ సెక్షన్ ప్రకారం, శిక్షపడిన వ్యక్తి నుంచి వసూలైన జరిమానాలో కొంత బాధితుడికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉండేది. నేరస్థుడు దొరకకపోయినా, కేసు వీగిపోయినా ఆ దారి మూసుకుపోయేది.

బాధితుడికి ప్రభుత్వమే చెల్లించాలనే చట్టాన్ని ప్రపంచంలో తొలిసారి న్యూజీలాండ్ 1963లో చేసింది. మరుసటి ఏడు బ్రిటన్ పథకం మొదలైంది. భారతదేశంలో 1983 నాటి రుదుల్ షా కేసు మైలురాయి. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు బీహార్ జైలులో మగ్గిన వ్యక్తికి పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు ఆ రాష్ట్రాన్ని ఆదేశించింది.

1990 డిసెంబరులో మతకలహాలు చెలరేగి పాతబస్తీ, పరిసరాల్లో వందమందికి పైగా చనిపోయారు. ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి పదవి వదులుకున్నారు. అప్పటికి హింసాత్మక నేరాల బాధితులందరికీ వర్తించే పరిహార చట్టం లేదు.

మక్కా మసీదు పేలుడు, 2007–2013

2007 మే 18, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ చార్మినార్ పక్కనే ఉన్న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు. తరువాత చెలరేగిన ఆందోళనపై పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో ఐదుగురు మరణించారు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మృతుల కుటుంబాలకు పరిహారం ప్రకటించింది. కాల్పులపై విచారణకు జస్టిస్ వి. భాస్కరరావు కమిషన్‌ను నియమించింది.

పేలుడు తరువాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పోలీసులు పట్టుకుపోయారు. వారిని నిర్బంధంలో హింసించారన్న ఫిర్యాదులపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ న్యాయవాది ఎల్. రవిచందర్‌ను విచారణకు నియమించింది. హింస నిజమేనని ఆయన నిర్భయంగా నివేదిక ఇచ్చారు. యువకులపై పెట్టిన కుట్ర కేసులు కోర్టులో నిలవలేదు.

జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మేరకు 2012లో ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం వీరికి పరిహారం చెల్లించింది. నిర్దోషులుగా విడుదలైన 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, పట్టుకుని వదిలేసిన 50 మందికి 20 వేల చొప్పున, మొత్తం 70 లక్షలు ఇచ్చారు. సచ్ఛీలతను ధ్రువీకరించే పత్రాలు కూడా అందజేశారు. దేశంలో ఇలాంటి నిర్ణయాలు అరుదు. అయితే ఈ చెల్లింపును సవాలు చేస్తూ ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. నిర్దోషిగా విడుదల కావడం ఒక్కటే పరిహారానికి హక్కు కాబోదంటూ హైకోర్టు 2013 సెప్టెంబరులో ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

పేలుడు కేసు దర్యాప్తు సీబీఐ నుంచి ఎన్ఐఏకు మారింది. విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా ప్రకటించింది. దోషి ఎవరో తేలకపోయినా బాధితుడికి సాయం అందాలన్న వాదనకు ఈ కేసును మించిన ఉదాహరణ పాతబస్తీలో లేదు.

చట్టబద్ధ పథకాలు

ఉగ్రవాద, మత హింసలో చనిపోయిన పౌరుల కుటుంబాలకు 3 లక్షలు ఇచ్చే కేంద్ర పథకం 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2016లో ఈ మొత్తాన్ని 5 లక్షలకు పెంచారు.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చిన 357-ఏ సెక్షన్ 2009 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. నేరస్థుడి ఆచూకీ తెలియకున్నా, విచారణే జరగకున్నా బాధితుడు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. న్యాయ సేవాధికార సంస్థ రెండు నెలల్లో విచారణ ముగించాలి. రాష్ట్రాలు ఇందుకు పథకాలు రూపొందించాలి. ఐదేళ్లు కావస్తున్నా ఆ పని చేయని నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. నెలలోగా పథకం ప్రకటించాలని 2014 నవంబరులో సురేశ్ వర్సెస్ హర్యానా కేసులో సుప్రీంకోర్టు వాటిని ఆదేశించింది. తెలంగాణ పథకం 2015లో వచ్చింది.

మహిళా బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ రూపొందించిన పథకం 2018 అక్టోబరు 2 నుంచి వర్తించింది. ప్రాణనష్టానికి 5 నుంచి 10 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు ఇవ్వాలని అందులో ఉంది. మైనర్లకు ఈ పరిమితి 50 శాతం ఎక్కువ. మంజూరైన సొమ్ములో 75 శాతాన్ని కనీసం మూడేళ్లు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచాలి.

ప్రస్తుత స్థితి

2024 జూలై 1 నుంచి 357-ఏ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 396వ సెక్షన్ వచ్చింది. నిరుపేదకు కోర్టు ఖర్చు లేకుండా పరిహారం అడిగే వీలు కల్పించిన ఈ వ్యవస్థకు పాతబస్తీయే కేంద్రం. రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ, నగర సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థ రెండూ పురానీ హవేలీలోనే ఉన్నాయి.

2012లో చెక్కులు అందుకున్న యువకుల వంటివారికి మాత్రం 396వ సెక్షన్ తోడ్పడదు. తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవారికి ప్రభుత్వం పరిహారం చెల్లించేలా చట్టం చేయాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. సంహితలోని 399వ సెక్షన్ ప్రకారం, తగిన కారణం లేకుండా పోలీసుల చేత అరెస్టు చేయించిన వ్యక్తి నుంచి బాధితుడికి ఇప్పించగల పరిహారం గరిష్ఠంగా వెయ్యి రూపాయలు.