శాంకీ పాటలు: సంఘ సంగీతములో చిన్నచూపునకు ఒక చరిత్ర

“ఈ పాట సినిమా పాటలాగా ఉన్నది” అనే మాట వినని కాపరి మన తెలుగు సంఘములలో ఉండరేమో. ఆ మాట అన్న పెద్దలను కొంచెము ఓపికతో అడిగితే అందులో రెండు వేర్వేరు అభ్యంతరములు బయటపడతాయి. మొదటిది: పాటలోని మాటలు వాక్యానుసారముగా లేవు, లేదా బాణీ వినగానే ఆ సినిమా దృశ్యమే మనస్సులో మెదులుతున్నది. రెండవది: ఇది బజారులో అందరూ పాడుకొనే రకము పాట, మన స్థాయికి తగినది కాదు. మొదటిది పరీక్ష. రెండవది చిన్నచూపు. పరీక్షించుట సంఘ పెద్దల బాధ్యత. అయితే చిన్నచూపు చాలా తరచుగా పరీక్ష వేషము వేసుకొని వస్తుంది.

ఈ రెంటినీ విడదీయుట ఎంత కష్టమో చూచుటకు 1873 మొదలుకొని బ్రిటనులో శాంకీ పాటల చుట్టూ, ఆ తరువాత జనులకు ఇష్టమైన ఇతర సంఘ సంగీతము చుట్టూ జరిగిన చర్చ మంచి ఉదాహరణ. మన పాటల పుస్తకములలో పాశ్చాత్య రాగములలో పాడే తర్జుమాలు ఉన్నవి, వాటిలో ఆ కోవకు చెందినవి కొన్ని కలవు. కనుక ఈ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఎడిన్‌బరోలో ఈలల పెట్టె

డ్వైట్ ఎల్. మూడీ (1837–1899), ఐరా డి. శాంకీ (1840–1908) 1873 జూన్‌లో అమెరికానుండి వచ్చి లివర్‌పూల్‌లో దిగారు. యార్క్, సండర్‌లాండ్, న్యూకాసిల్ పట్టణముల మీదుగా ఆ సంవత్సరము నవంబరులో ఎడిన్‌బరో చేరారు. మూడీ ప్రసంగించేవాడు. శాంకీ కాళ్లతో తొక్కి వాయించే చిన్న ఆర్గను ముందు కూర్చొని ఒంటరిగా పాడేవాడు. స్కాట్లాండు ప్రెస్బిటేరియనులలో అధికులు అప్పటికి తరతరాలుగా ఛందోబద్ధమైన కీర్తనల గ్రంథమునే, వాద్యము లేకుండా, పాడుచు వచ్చినవారు. ఆర్గనును వారు ‘ఈలల పెట్టె’ అని ఎగతాళి చేసేవారు. మనుష్యుడు వ్రాసిన పాటను, ఆ పెట్టె సహాయముతో, ఒకడే నిలిచి పాడుట వారి కళ్లకు మూడు తప్పులు ఒక్కసారిగా చేసినట్లు ఉండెను.

ఎడిన్‌బరోలో మొదటి దినములలోనే సభలో హొరేషియస్ బోనార్ (1808–1889) తనకు సమీపముగా కూర్చొని ఉండుట చూచి తాను భయపడ్డానని శాంకీ తరువాత తన జ్ఞాపకములలో చెప్పుకొన్నాడు. బోనార్ స్కాట్లాండులో అందరికన్న పేరుపొందిన గీతరచయిత. అయినా ఆయన స్వంత సంఘములో చాలాకాలము ఆయన గీతములు పాడలేదు, అక్కడ కీర్తనలు మాత్రమే అనుమతము! పాట ముగిసిన తరువాత బోనార్ చిరునవ్వుతో దగ్గరకు వచ్చి, ఈ రాత్రి నీవు పాడినది సువార్తయే అనే భావముతో మెచ్చుకొన్నాడట. శాంకీకి అది పెద్ద ఊరట.

1874 మే నెలలో గ్లాస్గోనుండి ఎడిన్‌బరోకు రైలులో పోవుచు శాంకీ ఒక వార్తాపత్రికలో తప్పిపోయిన గొఱ్ఱెను గూర్చిన ఒక పద్యమును చూచి, కత్తిరించి దాచుకొన్నాడు. దానిని వ్రాసిన ఎలిజబెత్ క్లిఫేన్ 1869లోనే మరణించినది. మంచి కాపరిని గూర్చి మూడీ ప్రసంగము ముగించి, సమయోచితమైన పాట పాడమన్నప్పుడు శాంకీ ఆ కాగితమును ఆర్గను మీద పెట్టి, రాగము అప్పటికప్పుడు కట్టుచు పాడినాడు. ఇది ఆయన స్వయముగా చెప్పిన కథ. కొంచెము మెరుగు పెట్టి చెప్పినా ఆశ్చర్యము లేదు. అయితే ఆ పాటల నిర్మాణము తెలిసినవారికి ఇది నమ్మశక్యము కానిదేమీ కాదు. అవి అమెరికా సండేస్కూలు పాటలనుండి, ఇండ్లలో పియానో దగ్గర పాడుకొనే పాటలనుండి పుట్టినవి. స్వరమేళములు బహు కొద్ది, చరణము తరువాత మరల మరల వచ్చే పల్లవి. పుస్తకము చేతిలో లేనివాడు కూడా రెండవ చరణమునాటికి పల్లవి అందుకొనగలడు. ఆ పాట కట్టబడినదే అందుకు. 1873లో చిన్న కరపత్రముగా మొదలైన ఆయన ‘సేక్రెడ్ సాంగ్స్ అండ్ సోలోస్’ క్రమముగా 1200 పాటల గ్రంథమైనది.

విమర్శ వెంటనే వచ్చినది. 1874లో డింగ్‌వాల్ కాపరి జాన్ కెన్నడీ (1819–1884) ఈ ఉజ్జీవమును ఖండించుచు ఒక చిన్న పుస్తకము ప్రచురించాడు. ధర్మశాస్త్రము, పాపపు ఒప్పుదల, పశ్చాత్తాపము వీటికి తగిన చోటు లేదనియు, మారుమనస్సును క్షణములలో లెక్కపెట్టుచున్నారనియు ఆయన ఆరోపణ. పాటలు, ఆర్గను ఆ ఆరోపణలలో ఒక భాగము. బోనార్ దానికి వ్రాతపూర్వకముగా జవాబిచ్చాడు. గీతముల విషయములో నేను కెన్నడీతో ఏకీభవించలేను. అయినా ఆయన వాదమును గౌరవించవలెను. ఏమి పాడుచున్నారు, ఆరాధనలో దానికి వాక్యాధారమేమి అని ఆయన అడిగాడు. ఎటువంటివారు పాడుచున్నారు అని ఆయన అడగలేదు. ఇది పరీక్ష.

అభిరుచి నీతియైనప్పుడు

ముప్పది సంవత్సరముల తరువాత ప్రశ్న మారిపోయినది. 1904లో పెర్సీ డియర్మర్ అనే ఆంగ్లికన్ గురువు, యువ సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ (1872–1958) ఇంటికి వెళ్లి క్రొత్త గీతగ్రంథమునకు సంగీత సంపాదకుడుగా ఉండమని కోరాడు. రెండు నెలల పని అనుకొన్నది రెండు సంవత్సరములు పట్టినది. ‘ఇంగ్లీష్ హిమ్నల్’ 1906లో వెలువడినది. దాని సంగీత పీఠికలో వాన్ విలియమ్స్, మంచి రాగములను ఎన్నుకొనుట సంగీత సమస్య కన్న ముఖ్యముగా నైతిక సమస్య అనే అభిప్రాయము ప్రకటించాడు. జనులు ఎంతో ప్రేమించిన విక్టోరియా కాలపు రాగములు కొన్నిటిని మానలేక గ్రంథము చివర అనుబంధములో పెట్టి, దానికి ‘భీకరముల గది’ అని పరిహాసముగా పేరు పెట్టినట్లు చెప్తారు. లండనులో మైనపు బొమ్మల ప్రదర్శనశాలలో హంతకుల బొమ్మలుండే గదికి ఆ పేరు.

వేదాంత విద్యార్థి ఇక్కడ ఆగి ఆలోచించవలెను. ఆ కాలములో ఈ సంపాదకుడు విశ్వాసిగా చెప్పుకొన్నవాడు కాడు, కేంబ్రిడ్జిలో నాస్తికుడు, తరువాత అజ్ఞేయవాది. అది ఆయనను తప్పుపట్టుటకు చెప్పుట లేదు. ఆయన సమకూర్చిన రాగములకు మనము ఋణపడి ఉన్నాము. కాని కెన్నడీ అడిగిన ప్రశ్నలేవీ ఇక్కడ లేవు. రాగము బలహీనముగా ఉన్నది, మెత్తగా ఉన్నది, చవకగా ఉన్నది అంటే చాలు, పాడువాని నీతియే బలహీనమని తేలిపోతుంది. అభిరుచి లోపము పాపముల జాబితాలో చేరినది. ఇట్టి పాపమునకు రక్తములో క్షమాపణ లేదు, మంచి పాఠశాలలో చదువు మాత్రమే విరుగుడు.

మరియొక విచిత్రము. ఇదే వాన్ విలియమ్స్ 1903 నుండి పల్లెలలో తిరిగి కూలివారి నోట జానపద గీతములు సేకరించినవాడు. సర్రేలోని ఫారెస్ట్ గ్రీన్‌లో, ససెక్స్‌లోని మంక్స్ గేట్‌లో విన్న పాటల బాణీలు ఆ గ్రామముల పేర్లతోనే ఆయన గ్రంథములో చేరినవి. సారాయి అంగడిలో పాడదగిన బాణీ గుడిలోనికి వచ్చుటకు ఆయనకు అభ్యంతరము లేదు! బోనార్ వ్రాసిన ఒక ప్రసిద్ధ గీతము అంతవరకు జాన్ డైక్స్ 1868లో కట్టిన రాగముతో జనుల నోళ్లలో ఉండెను. ఇంగ్లీష్ హిమ్నల్‌లో దానికి ‘కింగ్స్‌ఫోల్డ్’ అనే జానపద బాణీ జతపరచబడినది. ఆ బాణీ ధనవంతుడు–లాజరు కథాగీతముతో సంబంధము గలది.

అనగా, ఆయన తిరస్కరించినది ప్రజల పాటను కాదు. అంతరించిపోవుచున్న పల్లె ప్రజల పాటను ప్రేమించి, బ్రతికియున్న పట్టణపు గుమాస్తా, దుకాణదారు, వారి భార్యలు పాడే పాటను చులకన చేశాడు. మూడీ కూటములకు వచ్చినవారిలో చాలామంది కడుబీదలు కారు, అప్పటికే గుడికి పోవుచుండిన సామాన్య మధ్యతరగతివారని చరిత్రకారులు చెప్తారు. సంగీతాభిమానికి బీదవాడు అడ్డము కాడు, ప్రక్క బల్ల మీద కూర్చొన్న సాధారణ మనుష్యుడే అడ్డము. కొరింథు సంఘములో ధనవంతులు ముందుగా భుజించి, లేనివారిని సిగ్గుపరచుటను పౌలు దేవుని సంఘమును తృణీకరించుటగా ఎంచాడు (1 కొరింథీ 11:20–22). అక్కడ ఆహారము చెడ్డదని ఆయన అనలేదు.

మన వైపు చూచినా ఇట్టి మలుపులు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) తన కాలమున చుట్టూ వినబడుచున్న కీర్తనల రాగ తాళములనే తీసుకొని ప్రభువును కీర్తించాడు. నేడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాట తలపై ఉన్న రాగము, తాళము పేర్లు గాంభీర్యమునకు గుర్తులుగా ఉన్నవి. శాంకీ కోవ పాటల తర్జుమాలు కూడా మన పెద్దలకు ‘పాత మంచి పాటలే’. ఇంగ్లండులో చవకబారు అనిపించుకొన్నది సముద్రము దాటి, వంద సంవత్సరములు గడిచేసరికి భక్తిగంభీరమైనది. కేసెట్లనుండి యూట్యూబు వరకు వచ్చిన నేటి పాటలను పరీక్షించునప్పుడు మాటలను వాక్యముతో పోల్చండి, ప్రతి పాటలో ‘నేను, నాకు’ తప్ప తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను గూర్చి ఎంత ఉన్నదో లెక్కించండి, సంఘమంతా శ్రుతి అందుకొనగలదో లేదో చూడండి. కీబోర్డులోని తాళపు చప్పుడు మీకు నచ్చకపోవుట మాత్రము ఆ జాబితాలో వ్రాయవద్దు.

ఒక పాఠకుని సాక్ష్యము

1944 ఏప్రిల్‌లో సి. ఎస్. లూయిస్ (1898–1963) ఇంగ్లండులోని హేస్‌లో ఒక కర్మాగారపు పనివారి ప్రశ్నలకు జవాబులిచ్చాడు. అది గ్రామఫోను రికార్డులు తయారుచేసే ఈ.ఎం.ఐ. సంస్థ! క్రైస్తవుడుగా ఉండుటకు గుడికి పోవలెనా అని అడిగినప్పుడు ఆయన తన స్వంత అనుభవము చెప్పాడు. మొదట్లో గది తలుపు వేసుకొని వేదాంత గ్రంథములు చదువుకొంటే చాలుననుకొన్నాడు. గుడిలోని పాటలు ఆయన చెవికి నాసిరకము కవిత్వము, అంతకన్న నాసిరకము సంగీతము. అయితే పోవుచుండగా, ఎదుటి బల్లలో పాత బూట్లు తొడుగుకొన్న ఒక వృద్ధ భక్తుడు అదే పాటను ఎంతో భక్తితో పాడి మేలు పొందుట చూచాడు. ఆ బూట్లు తుడుచుటకు కూడా తాను తగనని అప్పుడు తెలిసినదట.

1949లో సంఘ సంగీతముపై వ్రాసిన వ్యాసములో లూయిస్ దీనినే సిద్ధాంతముగా చేశాడు. చక్కని అభిరుచిగల గురువో, ఆర్గనిస్టో తన ఇష్టమును ప్రేమతో త్యాగము చేసి జనులకు అందే మోటు సంగీతమును ఇచ్చినచోట కృప పనిచేస్తున్నది. సంగీతము తెలియని విశ్వాసి, తనకు అర్థముకాని గొప్ప సంగీతమును, లోపము తనలోనే ఉన్నదేమోనని ఓపికతో వినుచోట కూడా పనిచేస్తున్నది. పాండిత్యగర్వము ఒక వైపున, తెలియనివాని అసూయతో కూడిన అనుమానము మరియొక వైపున ఉన్నచోట మాత్రము ఎంత మంచి పాట పాడినా ప్రయోజనము లేదు. ఇంత చెప్పిన మనుష్యుడు ఆ పాటలకు అభిమాని అయ్యాడనుకొంటే పొరపాటు. అదే వ్యాసములో, గుడిలో పాటలు మరింత మంచివిగా, చిన్నవిగా, అన్నిటికన్న ముఖ్యముగా తక్కువగా ఉంటే బాగుండునని ఆయన కోరుకొన్నాడు.